దుప్పటి రెండో కొస

ఆ లాండ్రీలో దుప్పట్లు మడిచే హాలుకి మనిషి ఒంటరిగా వచ్చి చేసేదేమీ లేదు. పెద్దాసుపత్రి నుంచి, చుట్టుపక్కల హోటళ్ళ నుంచి వచ్చే ఆ వెడల్పాటి దుప్పట్లు ఒక్కరి చేతులకి లొంగవు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, చెరో రెండు కొసలు పట్టుకుని ఫట్‌మని విదిలించాలి. గట్టిగా లాగి పొడుగునా సగానికి మడవాలి, మళ్ళీ సగానికి. ఆ తర్వాత ఒకరి వైపు ఒకరు నడిచొచ్చి, ఒకరు తన కొసల్ని రెండోవాళ్ళ వేళ్ళకి అందించి, కింద వేలాడుతున్న మడతని వంగి అందుకోవాలి. అలవాటైన జోడీని చూస్తే ఇద్దరూ పొద్దస్తమానం ఏదో ఆట ఆడుకుంటున్నట్టే ఉంటుంది. సాయంత్రానికి భుజాలు పట్టేశాక అది ఆట కాదని తెలుస్తుంది.

కిటికీ పక్క బల్ల సర్దుబాటమ్మది, వసపిట్టది. ఇవి తల్లిదండ్రులు పెట్టిన పేర్లు కావని వేరే చెప్పక్కర్లేదు. ఎవరి పని ఆగినా, ఎవరి మధ్య మాట పెరిగినా "పోనీలెండి, సర్దుకుందాం" అంటూ మధ్యలో దూరుతుంది గనక ఆమె సర్దుబాటమ్మ అయింది. ఇక వసపిట్టకి పొద్దున్న లోపలికి అడుగుపెట్టిన దగ్గర్నుంచి నోరు మూతపడేది కాదు. బస్సులో ఎవరెవరు పోట్లాడుకున్నారో, కింది వాటా ముసలాయన తన పిల్లిని ఏమని తిట్టాడో గొంతులు మార్చి మరీ చెప్పేది.

అలాంటి వసపిట్ట మూగబోయింది. ఎప్పుడు మొదలైందో ఎవరూ గమనించలేదు. తల్లి మంచాన పడితే ఏడాదిపాటు పగలు పని, ఇంటికి వెళ్ళాక చాకిరీ అన్నట్టు నెట్టుకొచ్చింది. తల్లి పోయాక కొన్నాళ్ళు దిగులుగా ఉండి, మళ్ళీ మామూలుగానే పనిలోకి వచ్చింది. నవ్వాల్సిన చోట నవ్వింది. కానీ దుప్పటి లాగినప్పుడు అవతలి నుంచి రావాల్సిన బిగువు రావడం లేదని ముందుగా సర్దుబాటమ్మ చేతులకి తెలిసింది.

ఒకరోజు పొద్దున్న, దుప్పటి ఇద్దరి మధ్యా పరుచుకుని ఉండగా, వసపిట్ట ఉన్నట్టుండి అడిగింది.

"అక్కా, నేను ఉన్నానా?"

"ఎక్కడ?"

"ఇక్కడే. నీ ఎదురుగా."

సర్దుబాటమ్మ పకపకా నవ్వింది. "లేకపోతే ఈ రెండో కొస ఎవరు పట్టుకున్నారే? మీ తాతా?"

పక్క బల్ల దగ్గర ఫిరంగి అనే ఆవిడ ఉంటుంది. మెల్లగా మాట్లాడటం ఆవిడకి చిన్నప్పుడు ఎవరూ నేర్పలేదు. "దాని తాతని కూడా పన్లో పెట్టండమ్మా, ఈ గుట్ట ఈ రోజుకి తెమిలేట్టు లేదు!" అని అరిచింది. హాలంతా గొల్లుమంది. వసపిట్ట కూడా నవ్వింది. అయితే అందరికంటే కాస్త ఆలస్యంగా, పక్కవాళ్ళ పెదాలు చూసి నేర్చుకున్నట్టు.

మధ్యాహ్నం ఇద్దరూ వెనక మెట్ల మీద కూర్చుని అన్నం డబ్బాలు విప్పుకున్నారు. సర్దుబాటమ్మకి మనసాగలేదు.

"పొద్దున్న వేళాకోళానికి అడిగావా, నిజంగానే అడిగావా?"

"నిజంగానే." వసపిట్ట తన చేతుల కేసి చూసుకుంది. "ఎలా చెప్పనక్కా? అద్దం అవతల నుంచి చూస్తున్నట్టుంది. నువ్వున్నావు, ఈ మెట్లున్నాయి, ఈ డబ్బా ఉంది. నేనే లేను. ఈ చేతులు చూడు, అన్నం కలుపుతున్నాయి. వాటి పాటికి అవే కలుపుతున్నాయి. నేను మాట్లాడుతుంటే పక్కింట్లో రేడియో మోగుతున్నట్టుంది."

సర్దుబాటమ్మ చటుక్కున ఆమె జబ్బ మీద గిల్లింది.

"నొప్పెట్టిందా?"

"పెట్టింది."

"మరింకేం?"

"నొప్పి ఉంది. అది ఎవరికి అన్నదే తెలీట్లేదు."

సర్దుబాటమ్మ డబ్బా పక్కన పెట్టేసింది. గొంతు తగ్గించి, "ఒసేయ్, నువ్వేమన్నా అఘాయిత్యం గానీ..." అంది.

"ఛ, ఛ. చావాలన్నా ముందు ఉండాలి కదక్కా."

మాట పాత వసపిట్టదే. గొంతులో మాత్రం ఎవరూ లేరు. సర్దుబాటమ్మ డాక్టరు దగ్గరికి పోదాం పదమంది. వసపిట్ట ఒప్పుకోలేదు. పిచ్చిదంటారు, సూపర్‌వైజరు చెవిన పడితే జోడీ విడగొట్టి ఇంటికి పంపిస్తాడు, ఎవరికీ చెప్పనని మాటివ్వమంది. సర్దుబాటమ్మ మాటిచ్చింది.

"ఇంకొక్కటక్కా. నేను లేకపోతే, నాకు చెప్పు."

"నువ్వు లేకపోతే నీకెలా చెప్తానే, పిచ్చి మొహమా?"

"అదే కదా," అని వసపిట్ట డబ్బా మూత పెట్టేసింది.

సర్దుబాటమ్మకి తెలిసిన సాయం ఒక్కటే, సర్దడం. ఆ రోజు నుంచి అదే చేసింది. ఉతికినా మరక పోని దుప్పటిని పక్కన పడేయాల్సింది పోయి వసపిట్ట మంచివాటిలో కలిపేస్తే, ఎవరి కంటా పడకుండా బయటికి తీసేది. మడత వంకరపోతే మళ్ళీ విప్పి తిన్నగా చేసేది. ఎవరైనా వసపిట్టని పలకరిస్తే, ఆమె తేరుకుని బదులివ్వడానికి పట్టే ఆ రెండు క్షణాల్లో తనే జవాబు చెప్పేసేది. "దానికి తలనొప్పిలెండి." "దానికి నిద్ర చాల్లేదులెండి." నిజం చెప్పాలంటే, అలా చెప్తున్నప్పుడు ఆమెకి ఎంతో మేలు చేస్తున్నట్టే ఉండేది.

తమ్ముడూ మరదలూ ఉండే ఇంటి మేడ మీద ఒక గదిలో వసపిట్ట ఉంటుంది. ఒక ఉదయం బస్సు దిగి సర్దుబాటమ్మ ఆ గదికి వెళ్తే, వసపిట్ట మంచం మీద కూర్చుని గోడ కేసి చూస్తోంది. చెప్పులు వేసుకుంది, జడ వేసుకుంది. లేచి రావడానికి మాత్రం ఏదో అందడం లేదు.

"ఇవాళ నా వల్ల కాదక్కా."

"సరే, పడుకో. నేను చూసుకుంటా."

చూసుకుంది. ఆ లాండ్రీలో లెక్క బల్లకే గానీ మనిషికి కాదు. సాయంత్రానికి బల్ల మీద ఉండాల్సిన కట్టలు ఉంటే ఎవరూ ఏమీ అడగరు. ఆ వీలు సర్దుబాటమ్మకి బాగా కలిసొచ్చింది. వసపిట్టని కుట్టుగదికి పంపారని హాల్లో వాళ్ళకి చెప్పింది. సూపర్‌వైజరు వచ్చినప్పుడు, "ఇప్పుడే స్టోరుకి వెళ్ళిందండీ" అంది. ఆయన ఎప్పుడూ బాయిలరు గోలలో ఉంటాడు. కట్టల మీద చెయ్యి వేసి చూసి, తలూపి వెళ్ళిపోయాడు.

మర్నాడూ వసపిట్ట రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఒక్కరి చేతులకి దుప్పటి లొంగదు కదా. సర్దుబాటమ్మ మొగుడు బస్సు డిపోలో మెకానిక్కు. అతని చేత ఒక చెక్క మీద రెండు ఇనప క్లిప్పులు బిగించుకొచ్చి, బల్ల ఎదురుగా గోడకి కొట్టింది. రెండు కొసలు వాటికి తగిలించి, తన వైపు లాగి, మడిచి, నడిచి వెళ్ళి విప్పుకుని, మళ్ళీ వెనక్కొచ్చి... మొదట్లో చేతకాలేదు. తర్వాత అలవాటైపోయింది. అన్నం మానేసి ఆ కాస్సేపు కూడా మడిచింది. కట్టలు ఒక్కటి తగ్గలేదు.

"గోడతో జోడీ కట్టావా?" అని ఫిరంగి వేళాకోళం చేసింది. "మంచి పని చేశావు. గోడైతే ఎదురు చెప్పదు."

సాయంత్రాలు సర్దుబాటమ్మ మేడ మీది గదికి వెళ్ళేది. చేతిలో పళ్ళో, పాలో ఉండేవి. భుజం సలుపుతున్న సంగతి, ఇంటికెళ్ళాక దువ్వెన పైకెత్తలేకపోతున్న సంగతి చెప్పేది కాదు. ఇస్త్రీ రోలరు హోరులో వసపిట్ట గొంతు వినపడినట్టై రోజుకి ఎన్నిసార్లు తలెత్తి గోడని చూస్తోందో కూడా చెప్పేది కాదు. ఒంట్లో బాగోలేని మనిషి మీద ఆ బరువు కూడా ఎందుకు పెట్టాలి?

"అక్కడంతా బాగానే జరిగిపోతోంది. నువ్వేం బెంగ పెట్టుకోకు," అనేది.

"ఎవరైనా అడిగారా, నా గురించి?"

"ఒక్కళ్ళూ అడగలేదు. అడిగే సందు ఇస్తేగా!"

ఆ మాట తన నోటితోనే అంది. గర్వంగా అంది. వసపిట్ట "ఓహో" అని దుప్పటి మెడ దాకా లాక్కుంది.

రెండు వారాలు అలా గడిచాయి. ఒకనాడు పని నడుస్తున్న వేళ హాలు గుమ్మంలో వసపిట్ట నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలీదు. సర్దుబాటమ్మ వీపు అటువైపు ఉంది. క్లిప్పుల నుంచి దుప్పటి విప్పి, మడిచి, బల్ల మీద పెట్టి, ఇంకోటి తగిలించడం అంతా వసపిట్ట చూసింది. ఇంతలో బాయిలరు వైపు నుంచి సూపర్‌వైజరు వచ్చాడు.

"ఏమ్మా, తలకి గుడ్డ కట్టుకోలేదే? నిన్న మీ బల్ల కట్టలు భేషుగ్గా ఉన్నాయి," అన్నాడు.

"నిన్న నేను ఉన్నానా సార్?"

"లేకపోతే అవి వాటంతటవే మడతపడ్డాయా?" ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

అప్పుడు తిరిగి చూసింది సర్దుబాటమ్మ. సంతోషంతో "వచ్చేశావుటే!" అని నోరు తెరిచింది గానీ, వసపిట్ట ఆమె దగ్గరికి రాలేదు. నేరుగా గోడ దగ్గరికి వెళ్ళి, రెండు క్లిప్పుల్నీ వేలితో నొక్కి వదిలింది. ఠప్‌మన్నాయి.

"బాగా పట్టుకుంటున్నాయక్కా. నాలాగా జారవిడవవు."

అందులో ఎత్తిపొడుపు రవ్వంత కూడా లేదు. ఉండుంటే సర్దుబాటమ్మ తట్టుకునేది. ఒక మంచి వస్తువుని మెచ్చుకున్నట్టు అంది, అంతే. అని, వచ్చిన దారినే బయటికి నడిచింది.

చేతిలో దుప్పటి చేతిలోనే ఉండగా సర్దుబాటమ్మ వెనకాలే పరుగెత్తింది. బస్సులు ఆగే చోట అందుకుంది.

"నీ పని పోకూడదనే కదే ఇదంతా చేశాను! నన్ను చూసి అలా వెళ్ళిపోతావేంటి?"

"నాకు తెలుసక్కా."

"మరి?"

వసపిట్ట రోడ్డు కేసి చూస్తూ మాట్లాడింది. "ఆ గదిలో పడుకుని రోజూ ఒక్కదాని కోసమే చూశాను. ఎవరో ఒకరు అడుగుతారు, ఇదేమైంది, ఎక్కడ చచ్చింది అని. తిట్టినా చాలు. నా మేర ఎక్కడో చోట ఖాళీ కనపడుతుంది, అది నువ్వొచ్చి చెప్తావు అనుకున్నాను. అప్పుడు, సరే, ఉన్నానన్నమాట అనుకోవచ్చు కదా. నువ్వు రోజూ వచ్చి ఏం చెప్పావక్కా?"

  బస్సు వచ్చింది. వసపిట్ట ఎక్కింది. కిటికీలోంచి చూసింది గానీ, ఆమెని చూసిందో ఆమె వెనకున్న గోడని చూసిందో చెప్పలేం.

వెనక్కి వచ్చి సర్దుబాటమ్మ ఇచ్చిన మాట తప్పింది. హాలు నడిమధ్య నిలబడి, "అది రెండు వారాల నుంచి రావట్లేదు. నేనే అబద్ధాలు చెప్పాను. దానికి బాగోలేదు. తను ఉన్నట్టే తనకి తెలీట్లేదట," అని చెప్పేసింది. చెప్తుంటే ఏడుపు ముంచుకొచ్చింది.

ఫిరంగి చేతిలో దుప్పటి బల్ల మీదకి విసిరికొట్టింది. "మాకొక్క ముక్క చెప్పలేదే! మేమేం పరాయివాళ్ళమా? రోజూ అనుకుంటూనే ఉన్నా, ఈ కుట్టుగది వాళ్ళు ఏం పెట్టి పుట్టారో, దాని కబుర్లన్నీ వాళ్ళే వింటున్నారు, మనకీ హాలు పాడుబడినట్టుందీ అని! నిన్న మా ఆయనతో కూడా అన్నాను!"

సర్దుబాటమ్మ ఆమె కేసి కళ్ళప్పగించి చూసింది. పాడుబడినట్టుంది అన్న ఆ మాట పక్క బల్ల మీదే ఉంది ఇన్నాళ్ళూ. మేడ మీది గదికి చేరవేయాల్సిన మాట అదొక్కటే. తనే అడ్డంగా నిలబడి దాన్ని చేరనివ్వలేదు.

సూపర్‌వైజరు చీవాట్లు పెట్టాడు. కానీ వాళ్ళు భయపడ్డవి కావు ఆ చీవాట్లు. "ఒంట్లో బాగోలేదంటే సెలవిచ్చేవాణ్ణి కదమ్మా. మా ఇంట్లో మాత్రం మనుషులకి జబ్బులు రావా? నన్ను అడిగావా?" అన్నాడు. అడగలేదు. అడగాలన్న ఆలోచనే రాలేదు. అడగకుండానే అన్నీ కుదిర్చేయడమే తన గొప్ప అనుకుంది.

ఆ సాయంత్రమే సర్దుబాటమ్మ, ఫిరంగి కలిసి వెళ్ళారు. మేడ మెట్ల మీద నుంచే ఫిరంగి మొదలెట్టింది. "ఏమే! ఏమనుకుంటున్నావే నువ్వు? రెండు వారాలు కనపడకుండా పోతే మేమేమైపోవాలే? ఆ పిల్లి ముసలాయన సంగతి సగంలో ఆపేసి పోయావు, ఆ తర్వాత ఏమైందో తెలీక కడుపుబ్బిపోతోంది నాకు!"

అద్భుతం ఏమీ జరగలేదు. వసపిట్ట లేచి కూర్చుంది. ఫిరంగి ముఖాన్ని చాలాసేపు చూసింది, దూరంగా ఉన్న బోర్డు మీద అక్షరాలు కూడబలుక్కుంటున్నట్టు. "నిజంగా అడుగుతున్నావా?" అంది. "నిజం కాకపోతే ఈ మోకాళ్ళతో ఇన్ని మెట్లు ఎక్కుతానా?" అంది ఫిరంగి.

డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి వసపిట్ట ఒప్పుకుంది. సర్దుబాటమ్మ చెంగు కళ్ళకి ఒత్తుకుని, "నేను తీసుకెళ్తాను, రేపే..." అంటుంటే వసపిట్ట తల అడ్డంగా ఊపింది.

"నువ్వొద్దక్కా. నువ్వొస్తే నా బదులు అన్నీ నువ్వే చెప్పేస్తావు. నేను ఫిరంగితో వెళ్తా."

డాక్టరమ్మ ఏమందో సర్దుబాటమ్మకి ఫిరంగి ద్వారానే తెలిసింది. ఇది పిచ్చి కాదట. చాలామందికి వస్తుందట, సిగ్గుపడి చెప్పుకోరట. మరీ అలిసిపోయినప్పుడు, మోయలేనంత మోసినప్పుడు, మనసు మనిషిని తన నుంచి కాస్త దూరంగా జరిపేస్తుందట. మెల్లగా తిరిగొస్తుంది, తొందరపెట్టకూడదు, వారం వారం వచ్చి మాట్లాడాలి అందట. "ఇంకా ఏమంది?" అని సర్దుబాటమ్మ అడిగింది. "మిగతాది దాని సంగతి. అది చెప్తేనే నేను చెప్పేది," అంది ఫిరంగి. ఫిరంగి నోటి వెంట అలాంటి మాట వస్తుందని ఎవరూ అనుకోరు.

చలికాలం పోయి ఎండలు ముదిరాక వసపిట్ట పనిలోకి వచ్చింది. పూర్తిగా నయమైందని కాదు. ఇప్పటికీ కొన్ని రోజులు అద్దం అవతలే ఉంటుంది. కానీ ఆ రోజుల్లో "ఇవాళ నేను సరిగ్గా లేను" అని తనే నోరు తెరిచి చెప్తోంది. గోడ మీది చెక్క ఎప్పుడో పీకేశారు. సర్దుబాటమ్మ కిటికీ పక్క బల్ల తుడిచి, ఎదుటి వైపు చోటు ఖాళీగా ఉంచి నిలబడింది. వసపిట్ట ముందుగా సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళి ఏదో మాట్లాడింది. తర్వాత వెళ్ళి ఫిరంగికి ఎదురుగా నిలబడింది. అప్పటిదాకా ఫిరంగికి జోడీగా ఉన్న ఆవిడ తన తలగుడ్డ తీసుకుని సర్దుబాటమ్మ బల్లకి వచ్చింది.

టీ వేళకి వెనక మెట్ల మీద వసపిట్టే వచ్చి పక్కన కూర్చుంది.

"కోపం వచ్చిందా అక్కా?"

"కోపం దేనికే." సర్దుబాటమ్మ గ్లాసులోకి చూసుకుంది. "ఎందుకని మాత్రం చెప్పు."

"నీతో పట్టుకుంటే, నేను వదిలేసినా దుప్పటి కింద పడదు. నువ్వు ఎలాగోలా అందుకుంటావు. ఫిరంగితో అయితే పడిపోతుంది. అది తిడుతుంది. అప్పుడు తెలుస్తుంది నాకు, వదిలింది నేనేనని." కాస్త ఆగి అంది. "నాకు ఆ దుప్పటి కింద పడాలక్కా."

సర్దుబాటమ్మ తలూపింది. చెప్పాల్సింది నెలల తరబడి చెప్పకుండానే దాచుకుంది. ఇప్పుడు చెప్పి లాభమేమిటని కూడా అనిపించింది. అయినా చెప్పింది.

"నువ్వు లేనప్పుడు నా భుజం పడిపోయిందే. తల దువ్వుకోలేకపోయాను. మా ఆయన దువ్వాడు, వంకరటింకరగా. పని చేస్తూ చేస్తూ నీ గొంతు వినపడిందనుకుని తలెత్తేదాన్ని. గోడ ఉండేది. అన్నం సయించేది కాదు. అన్నీ బాగానే ఉన్నాయని నీకు అబద్ధం చెప్పాను. ఏదీ బాగాలేదు."

వసపిట్ట తన గ్లాసు మెట్టు మీద పెట్టింది.

"ఇది అప్పుడే చెప్పుంటే బాగుండేదక్కా."

"నువ్వు బాధపడతావని..."

"బాధపడేదాన్ని," అంది వసపిట్ట. "పడనివ్వాల్సింది."

తిట్టినట్టు లేదు, క్షమించినట్టూ లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. తర్వాత సర్దుబాటమ్మ భుజం మీద ఓ క్షణం చెయ్యి వేసింది, అక్కడే నొప్పా అన్నట్టు. అంతలో లోపలి నుంచి ఎవరో పిలిస్తే లేచి వెళ్ళిపోయింది. ఖాళీ గ్లాసు మెట్టు మీదే మర్చిపోయింది.

సర్దుబాటమ్మ చెయ్యి దాని కేసి వెళ్ళింది. రెండు గ్లాసులూ తీసుకెళ్ళి కడిగేసి బోర్లించడం ఎంతలో పని. వేళ్ళు గ్లాసుకి తగిలాక ఆగింది. తన గ్లాసు మాత్రం కడుక్కుని, బల్ల దగ్గరికి వెళ్ళి, కొత్త జోడీ అందించిన కొసలు పట్టుకుంది. అవతలి మనిషి మంచిదే, నెమ్మదస్తురాలు, మాట తక్కువ.

సగం దుప్పటి మడిచారో లేదో వెనక నుంచి ఫిరంగి అరుపు వినపడింది. "ఈ గ్లాసెవరిదే, దారికడ్డంగా!"

"నాదే," అని వసపిట్ట గబగబా వెళ్ళింది.

సర్దుబాటమ్మ తలెత్తలేదు. కళ్ళు మసకబారాయి, మడత కాస్త వంకరపోయింది. కొత్తావిడ ఏమైందని అడిగింది. ఏమీ లేదు అనబోయి మానుకుని, "ఒక్క నిమిషం ఆగవా?" అంది.

ఆవిడ కొసలు పట్టుకుని అలాగే ఆగింది.